సొంత విమానం తోక: కిట్ ఆర్డర్ నుంచి బిగింపు దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నాచారంలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని రెండు సీట్ల అల్యూమినియం విమానం తయారు చేసుకుంటున్నాను. తోక పూర్తయింది, దాన్ని బాడీకి బిగించడం కూడా ఈ మధ్యే అయింది. ఆదివారాలు చూడటానికి వచ్చే ఇంజనీరింగ్ పిల్లలు, ఫోన్ చేసే పెద్దవాళ్ళు, కిట్ కొందామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళు దాదాపు అవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఇక్కడి కొలతలు రివెట్లతో కలిపే అల్యూమినియం విమానాలవి. మీ కిట్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే మాన్యువల్ మాటే వినండి.

## మొదలుపెట్టే ముందు

మన దేశంలో ఇంట్లో తయారు చేసిన విమానం ఎగరేయనిస్తారా?

షెడ్డులో రేకులు కలపడం వేరు, కలిపినదాన్ని ఎగరేయడం వేరు. ఎగరాలంటే డీజీసీఏ, అంటే పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ, దగ్గర రిజిస్టర్ చేయించి, వీటీతో మొదలయ్యే గుర్తు తెచ్చుకోవాలి. ఎగరడానికి అనుమతి పత్రం కూడా కావాలి. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం పోయి భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024 వచ్చింది, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కాబట్టి పాత పుస్తకాల్లో చదివినదాన్ని పట్టుకుని కూర్చోకండి.

ముంబై పైలట్ అమోల్ యాదవ్ ఇంటి డాబా మీద తయారు చేసిన ఆరు సీట్ల విమానాన్ని 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో అందరూ చూశారు. దానికి రిజిస్ట్రేషన్ వచ్చింది మాత్రం 2017 నవంబరులో. కాగితాల పని రివెట్ల పనికంటే నెమ్మదిగా నడుస్తుందని మనసులో పెట్టుకోండి. కిట్‌కు డబ్బు కట్టకముందే ఏ డిజైన్, ఏ ఇంజన్, ఎక్కడ తయారు చేస్తారు, ఎవరు తనిఖీ చేస్తారు అన్నవి రాసి డీజీసీఏకు పంపండి. రాతపూర్వకంగా జవాబు వచ్చాకే ఆర్డర్ పెట్టండి.

రెక్కలు, బాడీ వదిలేసి అందరూ తోకతోనే ఎందుకు మొదలుపెడతారు?

తోక చిన్నది, ఖర్చు తక్కువ. అయినా విమానంలో ఉండే పనులన్నీ అందులో ఉంటాయి. స్పార్ (రెక్క పొడవునా బరువు మోసే దూలం), రిబ్బులు (దానికి అడ్డంగా ఆకారం ఇచ్చే పక్కటెముకలు), రేకు, కదిలే భాగాలు, బేరింగులు, బరువు సరిచూడటం, అన్నీ చేతికి వస్తాయి. ఈ పని మీకు సరిపడుతుందో లేదో తోక కిట్ మీదే తెలిసిపోతుంది. సరిపడదని అక్కడ తెలిస్తే పోయేది తోక కిట్ డబ్బే.

ఇంకో కారణం నాకు అన్నిటికంటే ముఖ్యం. పాడైన భాగాన్ని మనసు చంపుకుని పక్కన పెట్టి కొత్తది తెప్పించుకోవడం తోక దగ్గరే అలవాటు కావాలి. ఇక్కడ ఒక రిబ్బు పారేస్తే చిన్న నష్టం. ఈ అలవాటు లేకుండా రెక్క స్పార్ దాకా వెళ్ళినవాళ్ళు అక్కడ కూడా సర్దుకుపోదామనే చూస్తారు.

అపార్ట్‌మెంట్‌లో కుదురుతుందా? ఎంత చోటు కావాలి?

రెండు సీట్ల విమానం తోకకు మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు ఉన్న గది చాలు. చోటు కంటే చప్పుడు పెద్ద సమస్య. రివెట్ గన్ మోత రెండు ఫ్లోర్ల దాకా వినిపిస్తుంది. చెవులకు మఫ్ పెట్టుకోకుండా మీరు కూడా చేయకూడదు. పై అంతస్తులో చేసేవాళ్ళు మొదలుపెట్టే ముందే మెట్ల మలుపు కొలుచుకోండి. అడ్డ రెక్క, అంటే హారిజాంటల్ స్టెబిలైజర్, దాదాపు రెండున్నర మీటర్లు ఉంటుంది. లిఫ్ట్‌లో పట్టదు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏం దొరుకుతాయి, ఏవి బయటి నుంచి తెప్పించాలి?

కంప్రెసర్, డ్రిల్ మెషిన్, బెంచ్ వైస్, ఫైళ్ళు, క్లాంపులు, వెర్నియర్, డిజిటల్ లెవెల్ రాణిగంజ్‌లో మంచివి దొరుకుతాయి. బకింగ్ బార్ అంటే రివెట్ వెనక ఆనించే గట్టి ఉక్కు ముక్క. బాలానగర్‌లో చేయించుకోవచ్చు, కానీ ముఖం అద్దంలా గ్రైండ్ చేయమని గట్టిగా చెప్పండి. రివెట్ గన్, డింపుల్ డైలు (రివెట్ తల రేకుతో సమంగా కూర్చునేలా రంధ్రం అంచును గుంటగా నొక్కే అచ్చులు), రేకుల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే క్లీకోలు మాత్రం విమానాల సరుకు అమ్మేవాళ్ళ దగ్గరే కొనాలి. క్లీకోల్లో వెండి రంగువి 3/32 అంగుళం రంధ్రాలకు, రాగి రంగువి 1/8 అంగుళం రంధ్రాలకు. ఎన్ని ఉన్నా చాలవు.

కంప్రెసర్‌కు నీటిని పట్టే ఫిల్టర్ తప్పనిసరిగా పెట్టించండి. జూలైలో మన గాలిలోని తేమంతా గొట్టంలో నీళ్ళవుతుంది.

ఎవరో సగం చేసి వదిలేసిన తోక కిట్ తక్కువకు వస్తోంది, కొనొచ్చా?

రెండు చూసి కొనండి. మొదటిది ఫోటోలతో ఉన్న పని పుస్తకం. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో తెలియకపోతే రేపు తనిఖీలో మీరు జవాబు చెప్పలేరు. రెండోది ఆ భాగాలు తయారైన సంవత్సరం. అమెరికాలోని వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కిట్లలో 2022, 2023 ప్రాంతంలో రంధ్రాలను లేజర్‌తో కోసిన కొన్ని భాగాలు వెళ్ళాయి. డింపుల్ చేసినప్పుడు వాటిలో కొన్నింటికి రంధ్రం అంచున పగుళ్ళు కనిపించాయి. 2023 డిసెంబరులో ఆ సంస్థ దివాలా రక్షణ కోరడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆ కాలపు కిట్ అయితే ఏ భాగాలు మార్చాలో సంస్థ ఇచ్చిన జాబితాతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి.

మొత్తం ఖర్చు ఎంత అనుకోవాలి?

తోక ఖర్చు చూసి విమానం ఖర్చు లెక్క కట్టకండి. ఇంజన్, ప్రొపెల్లర్, కాక్‌పిట్ పరికరాలు కలిస్తే మిగతా అన్నిటినీ మించిపోతాయి. బ్రిటన్‌లో స్థిరపడిన కేరళ ఇంజనీర్ అశోక్ తామరాక్షన్ లాక్‌డౌన్ కాలంలో నాలుగు సీట్ల స్లింగ్ విమానాన్ని కిట్‌తో తయారు చేసుకున్నారు. 2022లో అందులో కుటుంబంతో యూరప్ తిరిగారు. దానికి దాదాపు 1,40,000 పౌండ్లు అయిందని అప్పట్లో పత్రికలు రాశాయి. మనకు షిప్పింగ్, కస్టమ్స్ అదనం.

హైదరాబాద్‌లో ఈ పని నేర్పేవాళ్ళు ఉన్నారా?

మన ఊళ్ళో ఉన్నంతమంది మరెక్కడా దొరకరేమో అనిపిస్తుంది నాకు. సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు ఆదిభట్లలోనే తయారవుతున్నాయి. బోయింగ్ 737 నిలువు రెక్కలు కూడా అక్కడివే. బాలానగర్‌లో హెచ్ఏఎల్ ఉంది, దుండిగల్, హకీంపేటల్లో ఎయిర్‌ఫోర్స్ ఉంది. అక్కడ పనిచేసి రిటైరైనవాళ్ళు మన కాలనీల్లోనే ఉంటారు. నాకు రివెట్ నేర్పిన పెద్దాయన మా పక్క వీధిలోనే ఉంటున్నారని రెండేళ్ళ దాకా తెలియలేదు. అడగండి, మర్యాదగా అడిగితే ప్రేమగా నేర్పుతారు.

## రేకు పని, రివెట్లు

జీవితంలో ఒక్క రివెట్ కూడా కొట్టలేదు. తోక మీదే నేర్చుకోవచ్చా?

తోక మీద వద్దు, ముక్కల మీద నేర్చుకోండి. తోకలో వాడే రేకు 2024-టీ3 అనే అల్యూమినియం మిశ్రమం. అదే మందం ముక్కలు తెచ్చుకుని కనీసం రెండు వందల రివెట్లు కొట్టండి. గన్ మీరు పట్టుకుంటే వెనక బార్ ఇంకొకరు పట్టుకోవాలి, కాబట్టి ఆ ఇద్దరూ కలిసి నేర్చుకోవాలి. మా ఇంట్లో మా బావమరిది బార్ పడతాడు. "రెడీ", "కొట్టు", "ఆపు" అనే మూడు మాటలు తప్ప పని మధ్యలో ఇంకేం మాట్లాడుకోం. చిన్న రివెట్లకు గాలి ప్రెషర్ 40 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి అవసరమైతే పెంచండి. ఎక్కువ ప్రెషర్‌లో గన్ జారితే రేకు మీద నెలవంక ఆకారంలో నొక్కు పడుతుంది.

రివెట్ సరిగ్గా పడిందని ఎలా తెలుస్తుంది?

వెనక అణిగిన తల వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు రివెట్ మందంలో సగం ఉండాలి. 3/32 అంగుళం రివెట్‌కు ఇది సుమారు 3.6 మి.మీ. వెడల్పు, 1.2 మి.మీ. ఎత్తు. 1/8 అంగుళం రివెట్‌కు 4.8, 1.6. పొడవు ఎంచుకోవడానికి కలిపే రేకుల మొత్తం మందానికి రివెట్ మందం ఒకటిన్నర రెట్లు కలపండి. ఆ తర్వాత తల కింద సందు ఉందేమో గోరుతో కాదు, పల్చటి ఫీలర్ గేజ్‌తో చూడండి.

ఒక రివెట్ కొంచెం వంకరగా పడింది. తీసేయాలా, వదిలేయాలా?

కొంచెం అయితే వదిలేయడమే మేలు. తీసే ప్రయత్నంలో రంధ్రం పెద్దదైతే మొదటికంటే చెడిపోతుంది. పూర్తిగా పక్కకు వాలితేనో, తల పగిలితేనో తీయాలి. తల మధ్యలో సరిగ్గా పంచ్ పెట్టి, తల లోతు వరకే డ్రిల్ చేసి, పిన్‌తో తలను విరిచి, వెనక చెక్క ఆనించి కాడను నెమ్మదిగా తట్టాలి. రంధ్రం కాస్త పెరిగితే చిన్న తల, లావు కాడ ఉండే రివెట్లు ఉంటాయి. బిల్డర్లు వాటిని ఊప్స్ రివెట్లు అంటారు. ఒక ప్యాకెట్ దగ్గర పెట్టుకోండి. అలసిపోయిన రాత్రి పూట మాత్రం ఏ రివెట్టూ తీయకండి.

ప్రతి రంధ్రానికీ డీబర్ చేయాలా? వేల కొద్దీ ఉన్నాయి!

చేయాలి. డీబర్ అంటే రంధ్రం అంచును నున్నగా చేయడం. డ్రిల్ చేసినప్పుడు అంచున లేచే పదునైన పొర రెండు రేకుల్ని అతుక్కోనివ్వదు, పైగా అక్కడే పగులు మొదలవుతుంది. డీబర్ టూల్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని ఒకటి రెండు తిప్పులు తిప్పితే చాలు. గట్టిగా తిప్పితే రంధ్రానికి వాలు పడి రేకు పల్చనవుతుంది. రేకు చుట్టు అంచులను కూడా ఫైల్‌తో, ఆ తర్వాత స్కాచ్‌బ్రైట్‌తో నున్నగా చేయండి.

మన ఊరు పొడి ఊరు కదా, ప్రైమర్ అవసరమా?

2024-టీ3 రేకుకు రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర ఉంటుంది, అది కొంత కాపాడుతుంది. అయినా రెండు భాగాలు ఒకదాని మీద ఒకటి కూర్చునే చోట తేమ నిలుస్తుంది. రేకు మొత్తానికి కాకపోయినా ఆ చోట్లకు ఎపాక్సీ ప్రైమర్ పల్చగా వేయండి. వానాకాలంలో ఉదయం పది దాటాక, ఎండ కాసే రోజు చూసుకుని వేస్తే బాగా ఆరుతుంది. మాస్క్ లేకుండా స్ప్రే చేయొద్దు.

రడ్డర్ (నిలువు రెక్క వెనక కదిలే భాగం) వెనక అంచు వంకర రాకుండా ఏం చేయాలి?

తోకలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. అక్కడ రెండు పల్చటి రేకుల మధ్య ఒక సన్నటి వెడ్జ్ (ఒక అంచు పల్చనయ్యే పట్టీ) పెట్టి, రెండు వైపులా చదునుగా ఉండే రివెట్లు వేయాలి. ఒక చివర నుంచి వరసగా కొట్టుకుంటూ పోతే రేకు సాగి అరటి ఆకులా వంగుతుంది. అలా వంగిన అంచుతో గాల్లోకి వెళ్తే విమానం ఎప్పుడూ ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది.

నా మొదటి రడ్డర్ అలాగే పోయింది. రెండోసారి ఏం చేశానంటే, మందమైన అల్యూమినియం యాంగిల్ తీసుకుని, అది నిటారుగా ఉందో లేదో దారం లాగి చూశాను. రడ్డర్ అంచును, వెడ్జ్‌ను సీలెంట్‌తో అంటించి, ఆ యాంగిల్‌కు క్లీకోలతో బిగించి మూడు రోజులు కదపకుండా వదిలేశాను. ఆరాక మధ్యలో ఒకటి, ఎడమ చివర ఒకటి, కుడి చివర ఒకటి, మళ్ళీ వాటి మధ్యల్లో ఒకటి, అలా చెల్లాచెదురుగా రివెట్లు వేశాను. ఒక్కోదాన్ని ఒకేసారి పూర్తిగా అణచకుండా సగం అణచి, అన్నీ అయ్యాక రెండో విడత పూర్తి చేశాను. దారం ఆనించి చూస్తే అంచంతా ఒకే గీతలో ఉంది. ఎలివేటర్ (అడ్డ రెక్క వెనక కదిలే భాగం) అంచు లోపల బలానికి అంటించే పట్టీల చివర చిన్న ముద్ద సిలికాన్ పెడితే, వణుకుకు అక్కడ రేకు పగలకుండా ఉంటుంది.

నట్లు, బోల్టులు లోకల్ హార్డ్‌వేర్‌వి వాడొచ్చా?

జిగ్గులకు (భాగాలను పట్టి ఉంచే చట్రాలకు), బెంచీకి వాడండి. విమానంలోకి ఒక్కటి కూడా వెళ్ళకూడదు. విమాన బోల్టుల ఉక్కు, పొడవు, మరలు లేని నున్నటి భాగం అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. రంధ్రంలో బరువు మోసేది ఆ నున్నటి భాగమే. రెండు రకాల డబ్బాలు ఒకే బల్ల మీద పెట్టుకోకండి.

## తోకను బాడీకి బిగించే పని

ముందు బాడీ మట్టంగా ఉందో లేదో ఎలా చూడాలి?

మేస్త్రీల దగ్గర ఉండే సామానే ఇక్కడ పనికొస్తుంది. అడ్డంగా, పొడవునా రసమట్టం పెట్టి చూడండి. దూరంగా ఉన్న రెండు చోట్ల ఎత్తు పోల్చడానికి నీళ్ళు నింపిన పారదర్శక పైపు డిజిటల్ లెవెల్ కంటే నమ్మకం. నిలువు చూడటానికి గుండు వేలాడదీయండి, గాలికి ఊగకుండా గుండును నూనె గిన్నెలో ముంచండి.

ఈ కొలతలు ఉదయం ఏడు లోపు తీసుకోండి. రెండున్నర మీటర్ల అల్యూమినియం 15 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.9 మి.మీ. సాగుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఒక వైపు ఎండ పడి ఇంకో వైపు నీడ ఉంటే మీ కొలతే అబద్ధం చెబుతుంది.

అడ్డ రెక్క సరిగ్గా కూర్చుందని ఎప్పుడు అనుకోవాలి?

మూడు చూడాలి. రెండు కొసల ఎత్తు ఒకటేనా? బాడీ ముందు మధ్యలో ఒక గుర్తు పెట్టి, అక్కడి నుంచి రెండు కొసలకు దూరం ఒకటేనా? ముందు స్పార్ నుంచి వెనక స్పార్‌కు ఉన్న కోణం మాన్యువల్ చెప్పినంతేనా? మొదటి రెండింటిలో తేడా 2 మి.మీ. లోపు వచ్చేదాకా నేను డ్రిల్ ముట్టుకోలేదు. మూడోది తేలిగ్గా తీసుకోవద్దు. మామూలుగా ఎగిరేటప్పుడు అడ్డ రెక్క తోకను కిందికి నొక్కుతూ ముక్కును నిలబెడుతుంది. కోణం తప్పితే ట్రిమ్, అంటే స్టిక్ మీద చేతి బలం తగ్గించే సర్దుబాటు, ఎప్పుడూ ఒక కొసకు తిప్పుకునే ఉండాల్సి వస్తుంది.

కొలతలు ఒకరోజు తీసుకుని, అన్నీ క్లాంపులతో వదిలేసి, మర్నాడు ఉదయం ఇంకొకరి చేత మళ్ళీ కొలిపించండి. మీ అంకెలు వాళ్ళకు ముందు చెప్పకండి.

బోల్టు రంధ్రం అంచుకు దగ్గరగా పడింది. పరవాలేదా?

రంధ్రం మధ్య నుంచి అంచుకు బోల్టు మందానికి కనీసం రెండు రెట్లు దూరం ఉండాలి. 3/16 అంగుళం బోల్టుకు ఇది 9.5 మి.మీ., పావు అంగుళం బోల్టుకు 12.7 మి.మీ. దానికి తక్కువైతే ఆ చోట లోహం చిరిగిపోవచ్చు.

నాకు అడ్డ రెక్క ముందు బ్రాకెట్‌లో 7.5 మి.మీ. దగ్గర పడింది. కింద ఏముందో కనిపించక డ్రిల్ చేశాను. ఏం కాదులే అని నాకు నేను చెప్పుకుంటూ నాలుగు రోజులు గడిపాను. ఐదో రోజు నాకు పని నేర్పిన పెద్దాయన వచ్చి, వెర్నియర్ పెట్టి చూసి, "తమ్మీ, ఇది పోదు, తీసెయ్" అన్నారు. కొత్త బ్రాకెట్ రావడానికి ఏడు వారాలు పట్టింది. పాతది షెడ్డు తలుపు మీద వేలాడదీశాను. మీరైతే డ్రిల్ చేసే ముందు అంచు ఎక్కడుందో పైకి కొలిచి మార్కర్‌తో గీసుకోండి. సన్నటి బిట్‌తో మొదలుపెట్టి, చూసుకుంటూ పెంచుకుంటూ పోండి.

స్పార్ కింద సన్నటి సందు ఉంది. బోల్టు బిగిస్తే మూసుకుంటుంది కదా?

మూసుకుంటుంది, అదే ప్రమాదం. ఆ బిగుతు విమానం ఉన్నంతకాలం లోహాన్ని వంచే ఉంచుతుంది. సందుకు సరిపడా మందంతో అల్యూమినియం షిమ్ చేసి పెట్టి, ఆ తర్వాతే బిగించండి.

నిలువు రెక్కను కొంచెం పక్కకు పెట్టమని డ్రాయింగ్‌లో ఉంది. తప్పు ముద్రించారా?

తప్పు కాదు. ప్రొపెల్లర్ వెనక గాలి సుడి తిరుగుతూ వచ్చి నిలువు రెక్కను ఒక పక్క కొడుతుంది. కాక్‌పిట్ నుంచి చూస్తే సవ్య దిశలో తిరిగే ఇంజన్లకు ముక్కు ఎడమకు లాగుతుంది. అందుకని కొన్ని డిజైన్లలో రెక్క ముందు అంచును కాస్త ఎడమకు జరుపుతారు. మీ డ్రాయింగ్‌లో లేకపోతే సొంతంగా జరపొద్దు.

రెండు ఎలివేటర్లు ఒకే వరసలో రావడం లేదు, కొమ్ములు కలవడం లేదు. ఏం చేయాలి?

ముందు రెండు ఎలివేటర్లనూ అడ్డ రెక్కతో సరిగ్గా ఒకే గీతలో ఉంచి, సరళమైన చెక్క పట్టీలతో క్లాంప్ చేయండి. మధ్యలోని రెండు కొమ్ములు, అంటే స్టిక్ నుంచి వచ్చే రాడ్ తగిలించే చేతులు, ఒకదానికొకటి కొద్దిగా తేడాగా ఉండటం మామూలే. ముఖ్యమైనది వెనక అంచుల వరస. కొమ్ముల్లో రంధ్రం చివర్లో, బేరింగ్ మధ్యలోంచి గైడ్ బుష్ పెట్టి నిటారుగా వేయండి. చేతి అంచనాతో వేస్తే ఒక ఎలివేటర్ ఎప్పుడూ కాస్త ముందు కదులుతుంది.

బోల్టు ఎంత బిగించాలి?

బిగుతును కొలిచే టార్క్ రెంచ్ లేకుండా తోక బిగించొద్దు. మామూలు లెక్కలో 3/16 అంగుళం బోల్టుకు 20–25 అంగుళం-పౌండ్లు, పావు అంగుళానికి 50–70. లాక్ నట్ తిప్పడానికే పట్టే బలాన్ని ముందు కొలిచి దానికి కలపండి. వేళ్ళతో తిరిగిపోయే లాక్ నట్‌ను పారేయండి. తిరిగే జాయింట్లలో కాస్టిల్ నట్, కాటర్ పిన్ ఉండాలి. బిగించిన ప్రతి నట్ మీదా రంగు గీత పెడితే తర్వాత కదిలితే తెలుస్తుంది.

ఎలివేటర్, రడ్డర్ ఎంత కదలాలి?

మాన్యువల్‌లో ఉన్నంతే. ఉదాహరణకు వ్యాన్స్ సంస్థ రెండు సీట్ల కిట్ ఆర్‌వీ-7లో ఎలివేటర్ పైకి 25–30 డిగ్రీలు, కిందికి 20–25. డిజిటల్ లెవెల్‌ను ఎలివేటర్ మీద పెట్టి చూడండి. రడ్డర్ పూర్తిగా తిప్పి ఉంచి ఎలివేటర్‌ను కొస నుంచి కొసకు కదిపి, ఎక్కడా రాసుకోవడం లేదని చూడాలి. స్టిక్ వెనక్కి లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. ఇది కాక్‌పిట్‌లో ఒకరు, తోక దగ్గర ఒకరు ఉండి గట్టిగా చెప్పుకుంటూ చూడాల్సిన పని.

## బిగించాక

ఎలివేటర్ ముందు సీసం ముక్క ఎందుకు? బరువు తగ్గించడానికి తీసేయొచ్చా?

తీయకూడదు. ఎలివేటర్ బరువు కీలు వెనకే ఉంటే, ఒక వేగం దాటాక గాలి దాన్ని జెండాలా కొట్టిస్తుంది. దాన్ని ఫ్లటర్ అంటారు. సెకన్లలో తోక ఊడిపోయేంత బలం దానిది. సీసం ఆ బరువును కీలు ముందుకు తెచ్చి సరిచేస్తుంది. పెయింట్ వేస్తే వెనక భాగం బరువెక్కుతుంది, కాబట్టి పెయింట్ ఆరాక మళ్ళీ తూకం చూడాలి. ట్రిమ్ ట్యాబ్‌లో ఊగులాట ఉన్నా అదే ప్రమాదం.

ఎవరి చేత తనిఖీ చేయించాలి?

మీతో కలిసి చేసినవాళ్ళు కాకుండా, లైసెన్సు ఉన్న విమాన మెయింటెనెన్స్ ఇంజనీర్‌ను పిలవండి. రేకు మూసేయకముందు ఒకసారి, బిగించాక ఒకసారి. ఆయన సంతకం, తేదీ, ఫోటో మీ పుస్తకంలో ఉండాలి.

హైదరాబాద్‌లో ఎక్కడి నుంచి ఎగరొచ్చు?

శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టూ మన గగనతలం చాలావరకు నియంత్రణలోనే ఉంది. ఫామ్‌హౌస్ పొలంలో రన్‌వే వేసుకుని ఎగిరిపోదామనే ఆలోచన మానుకోండి. ఏ ఎయిర్‌ఫీల్డ్ నుంచి పరీక్షించాలో అనుమతితో పాటే తేల్చుకోవాలి. ఎండాకాలం మొదటి పరీక్ష పెట్టుకోవద్దు. మనం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్నాం, 40 డిగ్రీల వేడిలో గాలి ఇంకా పల్చబడి విమానం పైకి లేవడానికి ఎక్కువ రన్‌వే తింటుంది.

షెడ్డు నుంచి ఎయిర్‌ఫీల్డ్‌కు తోకను ఎలా తీసుకెళ్ళాలి?

బాడీ నుంచి విప్పి, విడిగా తీసుకెళ్ళండి. డీసీఎం వ్యాన్‌లో రెండు పాత పరుపులు పరచి, అడ్డ రెక్కను ముందు అంచు మీద నిలబెట్టి బెల్టులతో కట్టండి. వెనక అంచు మీద బరువు పడకూడదు. ఎలివేటర్లు, రడ్డర్ వేరువేరు దుప్పట్లలో చుట్టాలి. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి ఓఆర్ఆర్ మీదుగా వెళ్తే స్పీడ్ బ్రేకర్లు, ట్రాఫిక్ రెండూ తప్పుతాయి. వెనక మీ బండిలో వ్యాన్‌ను చూస్తూ వెళ్ళండి. విప్పిన బోల్టులను ఏ రంధ్రానివి ఆ రంధ్రం పేరు రాసిన కవర్లలో పెట్టి, కవర్లు మీ జేబులోనే ఉంచుకోండి. లాక్ నట్లు మాత్రం అక్కడికెళ్ళాక కొత్తవి వేయండి.